సీఎస్‌ఆర్‌ నిధుల కోసం 14 కంపెనీలకు రాశాము, పని కాలేదు: లోపం ఎక్కడుంది?

ప్రశ్న
(గుణుపురం, రాయగడ జిల్లా నుంచి ఒక స్వచ్ఛంద సంఘం కార్యదర్శి)

సభ్యులందరికీ నమస్కారం. మాది వంశధార ఒడ్డున గుణుపురంలో 2012లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన చిన్న సంఘం. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఏడో తరగతి నుంచి మెట్రిక్ వరకు చదివే ఆడపిల్లల కోసం సాయంకాలం చదువు కేంద్రాలు నడుపుతున్నాము. పిల్లలకు బడిలో పాఠం ఒడియాలో జరుగుతుంది, ఇంట్లో మాట తెలుగో సవరో అయి ఉంటుంది. బడిలో విన్నదాన్ని మా ఉపాధ్యాయినులు ఇంటి భాషలో విడమర్చి చెప్పి, మళ్లీ ఒడియాలోనే రాయిస్తారు. ప్రస్తుతం సుమారు 200 మంది పిల్లలు వస్తున్నారు. గత సంవత్సరం ఒక కుట్టు శిక్షణ కేంద్రం కూడా మొదలుపెట్టాము. ఊరి వర్తకుల చందాలతోనూ, బయట స్థిరపడిన మా ఊరివాళ్లు పంపే డబ్బుతోనూ ఇంతకాలం నెట్టుకొచ్చాము. ఏడాది ఖర్చు ఏనాడూ మూడున్నర లక్షలు దాటలేదు.

కుట్టు కేంద్రానికి సొంత భవనం, 40 యంత్రాలు, ఒక వ్యాను కావాలని మా కార్యవర్గం తీర్మానించింది. కిందటి ఫిబ్రవరి నెలాఖరులో 14 కంపెనీలకు ఒకే నమూనాలో ఉత్తరం రాసి, సీఎస్‌ఆర్‌ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుచేసే) నిధుల నుంచి 48 లక్షల రూపాయల సహాయం కోరాము. రెండు కంపెనీలు మాత్రమే జవాబిచ్చాయి. ఒకటి ఈ సంవత్సరపు కేటాయింపులు పూర్తయ్యాయని రాసింది. రెండోది సీఎస్‌ఆర్‌-1 నమోదు సంఖ్య, 12ఏ, 80జీ (సంఘానికీ, దాతలకూ ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే నమోదులు) పత్రాలు, మూడు సంవత్సరాల ఆడిట్ లెక్కలు పంపమంది. 12ఏ, 80జీ మాకు ఉన్నాయి. సీఎస్‌ఆర్‌-1 అనే మాట వినడం అదే మొదటిసారి.

ఇది ఇలా ఉండగా ఒక మధ్యవర్తి ఫోన్ చేసి, తనకు పెద్ద కంపెనీల్లో పరిచయాలున్నాయనీ, 40 లక్షలు ఇప్పిస్తాననీ, అందులో 30 శాతం నగదుగా వెనక్కి ఇవ్వాలనీ, ముందుగా ఫైలు ఖర్చుల కింద 50 వేలు పంపాలనీ చెప్పాడు. లోకమంతా ఇలాగే నడుస్తోందని కార్యవర్గంలో కొందరు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

పైన చెప్పిన సీఎస్‌ఆర్‌-1 ఎలా తెచ్చుకోవాలో, మాలాంటి మారుమూల సంఘం ఏ కంపెనీల దగ్గరికి వెళ్లడం మంచిదో అనుభవమున్నవారు చెప్పగలరు. మరొక సందేహం కూడా ఉంది. సంఘం నిర్వహణ ఖర్చు 5 శాతానికి మించకూడదని ఎవరో అన్నారు. అదే నిజమైతే ఉపాధ్యాయినుల జీతాలు ఏ పద్దు నుంచి ఇవ్వాలి? మాలో ఇంగ్లీషు బాగా రాయగలవారు లేరన్నది కూడా దృష్టిలో ఉంచుకోగలరు.


సమాధానం 1
(బరంపురం నుంచి, వృత్తిరీత్యా ఆడిటరు)

కార్యదర్శి గారికి నమస్కారం. ముందుగా ఆ మధ్యవర్తి సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో పడితే మిగిలిన సలహాలతో పని ఉండదు. కంపెనీ ఇచ్చిన 40 లక్షలూ మీ సంఘం బ్యాంకు ఖాతాలో పడతాయి, వాటన్నిటికీ వినియోగ ధ్రువపత్రం మీరే ఇవ్వాలి. 12 లక్షలు నగదుగా ఇచ్చేస్తే ఆ మేరకు దొంగ బిల్లులు పుట్టించవలసి వస్తుంది. నిధులు ఆమోదించిన పనికే ఖర్చయ్యాయని కంపెనీ డైరెక్టర్ల బోర్డు తృప్తి చెందాలనీ, కంపెనీ ఆర్థిక విభాగం ప్రధానాధికారి ఆ మేరకు ధ్రువీకరించాలనీ సీఎస్‌ఆర్‌ నిబంధనల్లోనే ఉంది. లెక్క తప్పిన రోజున మధ్యవర్తి ఫోన్ పనిచేయదు. కాగితాల మీద ఉండే సంతకం కార్యదర్శిది, కోశాధికారిది. 12ఏ నమోదు రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. ఇక ముందుగా అడిగే 50 వేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. సీఎస్‌ఆర్‌-1 ఫారానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు.

ఇప్పుడు సీఎస్‌ఆర్‌-1. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ముందటి ఆర్థిక సంవత్సరంలో ఉన్న కంపెనీ, గడిచిన మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పనిని కంపెనీ స్వయంగా చేయవచ్చు, లేదా మీలాంటి సంస్థ ద్వారా చేయించవచ్చు. అలా చేయించుకునే సంస్థలు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ దగ్గర నమోదు కావాలన్న నిబంధన 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. ఆ నమోదు కోసం నింపే ఫారమే సీఎస్‌ఆర్‌-1. మంత్రిత్వశాఖ వెబ్‌సైటులో ఆన్‌లైన్లోనే నింపాలి. సంఘం తరఫున అధికారం పొందిన వ్యక్తి డిజిటల్ సంతకం చేయాలి, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు గాని, కంపెనీ సెక్రటరీ గాని, కాస్ట్ అకౌంటెంటు గాని దాన్ని ధ్రువీకరించాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఇది పెద్ద పని కాదు.

కాగితాలు సరిగ్గా లేకపోవడమే మన సరిహద్దు ప్రాంతంలో అసలు చిక్కు. నా దగ్గరికి వచ్చే సంఘాల్లో చాలావాటికి రిజిస్ట్రేషన్ పత్రంలో ఒక పేరు, పాన్ కార్డులో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో మరో పేరు ఉంటాయి. ఒడియా గుమాస్తా చేతిలో 'సేవా' కాస్తా 'సేబా' అవుతుంది, 'సంఘం' చివరి సున్న ఊడి 'సంఘ' అవుతుంది. పాన్ కార్డుకు దరఖాస్తు పెట్టినవాడు మాత్రం మనం పలికినట్టు రాస్తాడు. మనుషులకు అది ఒకటే సంఘమని తెలుసు, కంప్యూటరుకు తెలియదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఏ అక్షరాలున్నాయో అవే పాన్‌లోనూ, బ్యాంకులోనూ, 12ఏ, 80జీ ఉత్తర్వుల్లోనూ, నీతి ఆయోగ్ వారి దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల పోర్టల్) నమోదులోనూ ఉండేటట్టు సరిచేయించండి. ముందు పాన్ సవరణతో మొదలుపెట్టండి, మిగిలినవన్నీ దాని మీద ఆధారపడతాయి. దర్పణ్ సంఖ్య లేకపోతే అది కూడా తీసుకోండి, కంపెనీలు దాదాపుగా అన్నీ అడుగుతాయి.

12ఏ, 80జీ ఉత్తర్వులు ఒకసారి తీసి తేదీలు చూడండి. ఈ నమోదులు ఇప్పుడు శాశ్వతం కావు, గడువు ఉంటుంది. తీరడానికి కనీసం 6 నెలల ముందే పునర్నమోదుకు దరఖాస్తు చేయాలి. ఎన్నో ఏళ్ల కిందటి పాత ఉత్తర్వును ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, అది ఇంకా చెల్లుతుందనుకునే సంఘాలు నాకు తెలుసు.

మరొక సంగతి, దీన్ని చాలామంది గమనించరు. కంపెనీ పెట్టని బయటి సంస్థకు 'అదే తరహా పనిలో' కనీసం మూడు సంవత్సరాల అనుభవం ఉండాలని నిబంధన చెబుతుంది. సంఘం వయసు మాత్రమే చూసి ఊరుకోరు. మీ కుట్టు కేంద్రానికి ఒక్క సంవత్సరం కూడా సరిగ్గా నిండలేదు, చదువు కేంద్రాలకు పదేళ్లు దాటింది. మీరేమో ఉన్న బలాన్ని ఇంట్లో దాచి లేని బలాన్ని బజారులో పెట్టారు. చదువు కేంద్రాల కోసం అడగండి.

5 శాతం విషయంలో మీరు విన్నది పొరపాటు. ఆ పరిమితి కంపెనీకి సంబంధించినది. కంపెనీ తన సీఎస్‌ఆర్‌ విభాగాన్ని నడపడానికి చేసే పరిపాలనా ఖర్చు, ఆ సంవత్సరం మొత్తం సీఎస్‌ఆర్‌ ఖర్చులో 5 శాతానికి మించకూడదు. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిబంధనలోనే స్పష్టంగా రాసి ఉంది. మీ ఉపాధ్యాయినుల జీతం ప్రాజెక్టు ఖర్చు, మొహమాటం లేకుండా అడగండి. సంఘం కార్యాలయపు అద్దె, గుమాస్తా జీతం వంటివాటికి కొన్ని కంపెనీలు తమ సొంత విధానం ప్రకారం పరిమితి పెడతాయి, దాన్ని వారితోనే మాట్లాడుకోవాలి.


సమాధానం 2
(కోరాపుట్ జిల్లా నుంచి, ఒక కంపెనీ సీఎస్‌ఆర్‌ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి)

ఆడిటరు గారు చెప్పిన కాగితాల సంగతికి నేను చేర్చవలసింది లేదు. బల్లకు అవతలి పక్క కూర్చున్నవాడికి మీ ఉత్తరం ఎలా కనబడుతుందో చెబుతాను.

ఫిబ్రవరి నెలాఖరులో వచ్చిన ఉత్తరాన్ని నేనైతే ఏం చేసేవాణ్ణో దాచకుండా చెబుతున్నాను: ఒక ఫైల్లో పెట్టి మరిచిపోయేవాణ్ణి. సీఎస్‌ఆర్‌ కమిటీ ప్రతి ఆర్థిక సంవత్సరానికి ఒక వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి బోర్డుకు సిఫారసు చేయాలి. ఏ ప్రాజెక్టులు, ఎలా అమలు చేస్తారు, డబ్బు ఏ వాయిదాల్లో ఇస్తారు, ఎలా పర్యవేక్షిస్తారు అన్నవన్నీ అందులో ఉంటాయి. మధ్యలో మార్చుకునే వీలు చట్టంలో ఉన్నా, కారణం చూపి మళ్లీ బోర్డు దాకా వెళ్లాలి గనుక ఏ అధికారీ దానికి సరదాపడడు. ఏప్రిల్‌లో మొదలయ్యే సంవత్సరం కోసం అంతకు ముందటి సెప్టెంబరు, డిసెంబరు మధ్యలో వచ్చిన ప్రతిపాదనను చదివే ఓపిక మాకు ఉండేది. జనవరి దాటాక వచ్చేవారిలో మాకు పనికివచ్చేవారు ముందే తెలిసినవారు మాత్రమే. 2021 జనవరి నుంచి ఖర్చుకాని సొమ్మును చట్టం చెప్పిన ఖాతాకో నిధికో బదిలీ చేయక తప్పని పరిస్థితి వచ్చింది కాబట్టి మార్చిలో కొంత హడావుడి ఉండేది. ఆ హడావుడిలో కొత్త సంఘాన్ని నమ్మి డబ్బు ఇవ్వడం కన్నా, పాత భాగస్వామికి పని పెంచడం తేలిక.

ఇక 48 లక్షలు. ఏడాదికి మూడున్నర లక్షలు ఖర్చు పెట్టే సంఘం ఒక్కసారిగా దానికి పదమూడు రెట్లు పైన అడిగితే, మాకు మొదట వచ్చే ఆలోచన మీరు అత్యాశపరులని కాదు, మీ లెక్కలు చూసే మనిషి ఎవరన్నది. గతంలో ఖర్చుచేసిన దానికి రెండింతలు మూడింతలు అడిగినవారితో కూర్చుని మాట్లాడవచ్చు. భవనం, వ్యాను అన్నవి మరీ కష్టం. సీఎస్‌ఆర్‌ సొమ్ముతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. సీఎస్‌ఆర్‌ నమోదు సంఖ్య ఉన్న సంస్థ పేరునో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల పేరునో, ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. మీ పేరున ఉండవచ్చన్న మాటే గాని, భూమి పత్రం ఎవరిది, రేపు సంఘం మూతపడితే భవనం ఎవరికి అన్న ప్రశ్నలకు జవాబు దొరికేలోపు సంవత్సరం తిరిగిపోతుంది. మొదటి ప్రతిపాదనలో ఇటుక, సిమెంటు, చక్రాలు లేకుండా చూసుకోండి.

మీరు చెప్పిన వివరాలను బట్టి ఒక అంచనా వేసి చూపిస్తాను. నాలుగు ఊళ్లలో ఎనిమిది మంది ఉపాధ్యాయినులు, ఒక్కొక్కరికి నెలకు 6,000 చొప్పున ఏడాదికి 5,76,000. సమన్వయకర్తకు నెలకు 15,000 చొప్పున 1,80,000. 200 మంది పిల్లలకు పుస్తకాలు, రాత సామగ్రి తలకు 1,000 చొప్పున 2,00,000. నాలుగు కేంద్రాలకు సౌర దీపాలు, బల్లలు కలిపి లక్ష. లెక్కలు రాసే వ్యక్తికి 60,000, ప్రయాణాలకు 36,000, ఆడిట్‌కు 20,000. వెరసి 11,72,000 రూపాయలు, అంటే పిల్లకు ఏడాదికి 5,860. మీ అసలు జీతాలు, ధరలు వేరుగా ఉంటాయి, అవి వేసుకుని మార్చుకోండి. ఈ చివరి అంకె ఉందే, తలకు ఎంత అన్నది, దాన్ని మా కమిటీలో సభ్యులు మొదట వెతికేవారు. లెక్కలు రాసే వ్యక్తికి జీతం అడగడానికి సంఘాలు సిగ్గుపడతాయి, కాని ఆ పద్దు లేని ప్రతిపాదన చూస్తే నాకు భయం వేసేది.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న దానికి చట్టమే ఒక దారి చూపింది. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకూ ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్ చెబుతుంది. మీ జిల్లాలో జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, కాశీపూర్ బ్లాకులో ఉత్కళ్ అల్యూమినా ఉన్నాయి. పక్క జిల్లాలో దామన్‌జోడిలో నాల్కో, సునాబేడాలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఉన్నాయి. రాయగడ, కోరాపుట్, గజపతి, మల్కన్‌గిరి నాలుగూ వెనుకబడిన జిల్లాల కోసం కేంద్రం 2018లో మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ సీఎస్‌ఆర్‌ ఖర్చులో అలాంటి జిల్లాలకు ప్రాధాన్యం ఇవ్వాలన్న మార్గదర్శకం ఉంది గనుక ఆ మాట మీ ప్రతిపాదన మొదటి పేరాలోనే ఉండాలి.

14 కంపెనీలకు ఒకే ఉత్తరం మళ్లీ పంపకండి, మూడింటిని ఎంచుకోండి. ప్రతి కంపెనీ తన సీఎస్‌ఆర్‌ విధానాన్నీ, కమిటీ సభ్యుల వివరాలనూ, బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులనూ వెబ్‌సైటులో పెట్టాలి. వెబ్‌సైటు ఉన్న కంపెనీకి ఇది తప్పనిసరి. అది చదవండి. జాతీయ సీఎస్‌ఆర్‌ పోర్టల్‌లో ఏ కంపెనీ ఏ రాష్ట్రంలో, ఏ రంగంలో ఎంత ఖర్చు చేసిందో కనబడుతుంది. తాగునీటి మీదే నాలుగేళ్లుగా ఖర్చు పెడుతున్న కంపెనీకి చదువు కేంద్రం గురించి రాయడం ఇద్దరికీ కాలహరణమే.

మీ ఇంగ్లీషు గురించి బెంగ పడకండి. అలంకారాలు దట్టించిన ఇంగ్లీషు చదివి చదివి విసిగిపోయినవాణ్ణి చెబుతున్నాను. రెండు పేజీలు చాలు. ఏ ఊళ్లు, ఎంతమంది పిల్లలు, గత మూడేళ్లలో ఎంతమంది మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు, ఎంతమంది గట్టెక్కారు, ఎంతమంది మధ్యలో బడి మానేశారు, ఇవి మీ హాజరు పట్టీల్లోనే ఉంటాయి. కంపెనీల చట్టంలో సీఎస్‌ఆర్‌ కింద చేయదగిన పనుల జాబితా అయిన ఏడో షెడ్యూలులో విద్యకు సంబంధించిన అంశం కిందికి ఈ పని వస్తుందని ఒక వాక్యం రాయండి. సర్పంచి ఉత్తరం, బ్లాకు విద్యాధికారి ఉత్తరం జతచేయండి. తెలుగు భాషకు జరుగుతున్న అన్యాయం గురించి మీ పాత ఉత్తరంలో ఏమైనా రాసి ఉంటే మాత్రం ఈసారి తీసేయండి. ఆ బాధ నాకూ ఉంది, నేనూ తెలుగులో అక్షరాలు దిద్దినవాణ్ణే. అయినా ఒడియా మాధ్యమంలో చదివే పిల్ల బడి మానకుండా ఉండడానికి ఇంటి భాష సాయపడుతోందని చెబితే కంపెనీ అధికారికీ, జిల్లా అధికారికీ ఇద్దరికీ అభ్యంతరం ఉండదు. నిజానికి మీరు చేస్తున్నది కూడా అదే.


సమాధానం 3
(సిరొంచ, గడ్చిరోలి జిల్లా నుంచి, ఒక ట్రస్టు నిర్వాహకుడు)

గోదావరి, ప్రాణహిత కలిసే చోటి నుంచి రాస్తున్నాను. కోరాపుట్ పెద్దాయన చెప్పినవాటిలో ఒకదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. దగ్గరి కంపెనీకే వెళ్లాలన్నది వినడానికి బాగుంటుంది. మా జిల్లాలోనైనా మీ జిల్లాలోనైనా ఒక గనికో కర్మాగారానికో చుట్టూ ఉన్న పది ఇరవై గ్రామాలకే ఆ కంపెనీ డబ్బు సరిపోతుంది, అందులో తప్పు పట్టడానికీ లేదు, దుమ్మూ పొగా వాళ్లే భరిస్తున్నారు. కర్మాగారానికి చాలా దూరాన ఉన్న మాకు 'మీరు మా పరిధిలో లేరు' అన్న మాటే వినబడేది. ప్రాంతీయ ప్రాధాన్యం అన్నది మార్గదర్శకమే తప్ప తప్పనిసరి కాదని మంత్రిత్వశాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఉంది. దాన్ని పట్టుకుని మేము ఈ జిల్లాలో ఒక్క కర్మాగారం కూడా లేని ఒక ఆర్థిక సంస్థకు రాశాము. వారికి ఆకాంక్షిత జిల్లాలో ఒక విద్యా ప్రాజెక్టు కావాలి, గడ్చిరోలి కూడా ఆ జాబితాలో ఉంది. మొదటి సంవత్సరం నాలుగు లక్షలు ఇచ్చారు, రెండో సంవత్సరం తొమ్మిది. మూడు ఉత్తరాల్లో రెండు దగ్గరివాళ్లకు రాస్తే ఒకటైనా దూరపువాళ్లకు రాయండి.

ఆడిటరు గారు చెప్పిన పేర్ల చిక్కు మా దగ్గర మరో రకంగా ఉంది. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసుకుంటాము, మరాఠీ పద్ధతిలో అది చివరికి పోతుంది, మధ్యలో తండ్రి పేరు చేరుతుంది. మా ఏడుగురు ట్రస్టీల్లో నలుగురికి ఆధార్‌లో ఒక వరస, పాన్‌లో ఒక వరస ఉండేది. డిజిటల్ సంతకం తీసుకోబోయేసరికి ఆగిపోయింది. మీ కార్యదర్శి, అధ్యక్షుడు, కోశాధికారి ఆధార్, పాన్ కార్డులు ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూసుకోండి. మహారాష్ట్ర వైపు నుంచి చదువుతున్నవారికి ఇంకొక మాట. ఇక్కడ సొసైటీగా నమోదైనా పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద ధర్మాదాయ కమిషనరు కార్యాలయంలో కూడా నమోదు ఉంటుంది, ట్రస్టీలు మారినప్పుడల్లా 90 రోజుల్లోగా మార్పు నివేదిక దాఖలు చేయాలి. చనిపోయిన ట్రస్టీ పేరు ఆ రికార్డులో అలాగే ఉండిపోతే, కంపెనీ న్యాయ విభాగం అక్కడే ఆపేస్తుంది. మాకు ఒక ఏడాది పోయింది దానివల్లనే.

చివరగా ఒక అనుభవం చెబుతాను. డబ్బు మంజూరైనంత మాత్రాన చేతికి అందినట్టు కాదు. ఒప్పందంలో రెండో వాయిదా అక్టోబరులో అని ఉంటే మాకు ఫిబ్రవరిలో వచ్చింది. కారణం ఏమిటంటే, మధ్యలో అక్కడి అధికారి మారాడు, మేము పంపిన నివేదిక కొత్తాయనకు చేరలేదు, ఎవరూ మాకు చెప్పలేదు. ఆ నాలుగు నెలలూ ఉపాధ్యాయుల జీతాలకు నేను బంగారం కుదువబెట్టాను, ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తుంటుంది. ఒప్పందం మీద సంతకం చేసేముందు వాయిదాల తేదీలతో పాటు, నివేదిక అందిన ఎన్ని రోజుల్లో డబ్బు విడుదల చేస్తారన్నది కూడా రాయించుకోండి. మొదటి వాయిదా కనీసం ఆరు నెలల జీతాలకు సరిపడా ఉండాలని అడగండి. అడిగితే కొందరు ఒప్పుకుంటారు, మేము అడగలేదు.


ప్రశ్న వేసినవారి జవాబు
(గుణుపురం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కార్యవర్గ సమావేశంలో మీ సమాధానాలు మూడింటినీ పైకి చదివి వినిపించాను. మధ్యవర్తికి ఇక ఫోన్ ఎత్తకూడదని తీర్మానం రాసుకున్నాము. 48 లక్షల ఉత్తరం రాసిన మా ఉపాధ్యక్షుడు పదమూడు రెట్లు అన్న మాట దగ్గర కాస్త చిన్నబోయారు గాని, తర్వాత తానే లెక్క వేసి నిజమేనన్నారు.

ఆడిటరు గారు అన్నట్టుగానే మా కాగితాలు బయటపెట్టి చూసుకున్నాము. రిజిస్ట్రేషన్ పత్రంలో 'సేబా' అనే ఉంది, పాన్‌లో 'సేవా' ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంకా దారుణంగా సంఘం పేరు పక్కన పాత కార్యదర్శి పేరు కూడా చేరిపోయి ఉంది. దీనితో పాటు మరో సంగతి తేలింది. మా బైలాలో ఆశయాలు ఒడియాలో ఉన్నాయి, వాటిలో 'వయోజన విద్య' అని ఉందే తప్ప బడిపిల్లల చదువు అని ఎక్కడా లేదు. పన్నెండేళ్లకు పైగా చేస్తున్న పని మా సొంత నిబంధనావళిలో లేదన్నమాట. ఇది ఎంత పెద్ద లోపం? బైలా సవరించకుండానే సీఎస్‌ఆర్‌-1 వేయవచ్చా?


సమాధానం
(బరంపురం ఆడిటరు)

ఫారం వేయడానికి అడ్డు రాకపోవచ్చు గాని కంపెనీ పరిశీలనలో తప్పకుండా వస్తుంది, పైగా ఆశయాల్లో లేని పనికి ఖర్చు పెట్టడం ఆదాయపు పన్ను వారి దగ్గర కూడా ప్రశ్న అవుతుంది. ముందు దాన్నే సరిచేయండి. బైలాలో చెప్పిన గడువు ప్రకారం నోటీసు ఇచ్చి సర్వసభ్య సమావేశం జరిపి, కావలసిన మెజారిటీతో తీర్మానం చేసి, సవరణను సొసైటీని నమోదు చేసిన కార్యాలయంలో దాఖలు చేయండి. ఆశయాలు మారినప్పుడు ఆ మార్పును ఆదాయపు పన్ను శాఖకు కూడా తెలిపి 12ఏ నమోదును మళ్లీ తీసుకోవలసి ఉంటుంది, దానికి 30 రోజుల గడువు ఉంటుంది గనుక రెండు పనులూ ఒకే ఆడిటరు చేతిలో పెట్టండి. ఉన్న ఆశయాలను కొట్టివేయకండి, 'వయోజన విద్య' పక్కనే 'బాలబాలికల విద్య, వృత్తి నైపుణ్య శిక్షణ' అని చేర్చండి, రేపు కుట్టు కేంద్రానికి మూడేళ్లు నిండాక అదీ పనికివస్తుంది. సమావేశపు మినిట్స్ పుస్తకంలో ప్రతి పేజీకి సంతకాలు ఉండాలి. బ్యాంకు ఖాతాలో పాత కార్యదర్శి పేరు తీయించడానికి కూడా అదే సమావేశంలో వేరే తీర్మానం రాసుకుంటే ఒక్క ప్రయాణంతో పోతుంది.

సవరణ పత్రం చేతికి వచ్చాక ఒడియా ప్రతికి ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ సంతకం పెట్టించండి. సెప్టెంబరులోగా ఇవన్నీ పూర్తిచేయగలిగితే కోరాపుట్ వారు చెప్పిన కాలానికి మీ ప్రతిపాదన సిద్ధంగా ఉంటుంది.